పొట్టు పట్టేసిన శాండ్ పేపర్: దేన్ని కడగాలి, దేన్ని రుద్దాలి, దేన్ని పారేయాలి

శాండ్ పేపర్ సరిగ్గా అరగదియ్యట్లేదు అనిపించగానే చాలామంది చేసే పని ఒకటే, పీకేసి చెత్తలో పడేసి కొత్తది తగిలించడం. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. ఒకరోజు పని మధ్యలో కొత్త బెల్టులు (మెషీన్‌కి తొడిగే శాండ్ పేపర్ పట్టీలు) అయిపోయాయి, పారేద్దామని పక్కన పెట్టిన పాతదాన్నే మళ్లీ తీసి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూశా, గింజలన్నీ నిక్షేపంగా ఉన్నాయి, వాటి సందుల్లో మాత్రం పైన్ చెక్క బంక పొట్టుతో కలిసి గోధుమరంగు పెచ్చులా గట్టిపడిపోయి ఉంది. అంటే అన్నాళ్లూ పనికొచ్చే పేపర్లనే పారేశానన్నమాట. అప్పట్నుంచి దులపడం, బ్రష్ కొట్టడం, గాలి కొట్టడం, రబ్బరు రుద్దడం, నీళ్లల్లో నానబెట్టడం అన్నీ చేసి చూశాను, ఏది ఏ పేపర్‌కి పనికొస్తుంది, ఏది ఉన్నదాన్ని కూడా పాడుచేస్తుంది అనేది ఇప్పుడు బాగానే తెలిసింది, అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒకటి తేల్చుకోండి, మూసుకుపోయిందా మొద్దుబారిందా

ఇది తేల్చుకోకుండా శుభ్రం చెయ్యడం మొదలుపెడితే సగం సార్లు టైమ్ వేస్ట్. పేపర్ పని మానేయడానికి రెండు కారణాలు ఉంటాయి, ఒకటి గింజల మధ్య సందులు నిండిపోవడం, రెండోది గింజల కొసలు అరిగిపోవడం. మొదటిదానికి మందు ఉంది, రెండోదానికి లేదు. అరిగిపోయిన పేపర్‌ని ఎంత బాగా కడిగినా మీకు దక్కేది శుభ్రమైన మొద్దు పేపరే.

తేడా కనిపెట్టడం కష్టమేం కాదు. పేపర్‌ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి, భూతద్దం ఉంటే ఇంకా మంచిది. మచ్చలు మచ్చలుగా గోధుమరంగులోనో తెల్లగానో నున్నటి పెచ్చులు కనిపిస్తూ చుట్టూ గింజలు మామూలుగా ఉంటే అది మూసుకుపోయిన పేపర్. పెచ్చులేమీ లేకుండానే మొత్తం ఉపరితలం ఒకే తీరుగా చిన్నచిన్న అద్దాల్లా మెరుస్తుంటే, వేలితో మెల్లగా రాస్తే గుచ్చుకోకుండా జారిపోతుంటే అది అరిగిపోయింది. గింజలు ఊడిపోయి కింద కాగితమో గుడ్డో కనిపిస్తుంటే ఇక ఆలోచించక్కర్లేదు, పారేయడమే. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి, అంచుల దగ్గర అరిగిపోయి మధ్యలో మూసుకుపోయి ఉంటుంది, ముఖ్యంగా ఆర్బిటల్ శాండర్ (గుండ్రటి పేపర్‌ని తిప్పుతూ కదుపుతూ రుద్దే చేతి మెషీన్) గుండ్రటి డిస్కుల్లో అంచు వేగంగా తిరుగుతుంది కాబట్టి అదే ముందు పోతుంది.

ఇంకా అనుమానంగా ఉంటే పెన్సిల్ పరీక్ష ఉంది, నాకు బాగా నచ్చిన పద్ధతి. ఒక చెక్కముక్క మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీయండి, అదే నంబర్ కొత్త పేపర్‌తో ఎన్ని సార్లు రుద్దితే గీతలు పోయాయో లెక్కపెట్టండి, తర్వాత పక్కనే మళ్లీ గీసి శుభ్రం చేసిన పాత పేపర్‌తో లెక్కపెట్టండి. కొంచెం ఎక్కువ పడితే పర్లేదు, వాడుకోవచ్చు. రెండింతలు దాటిందంటే నేను ఉంచుకోను, ఎందుకంటే తగ్గిన పదునుని మన చెయ్యి బలంతో భర్తీ చేస్తుంది, గట్టిగా నొక్కుతాం, నొక్కితే వేడి పుడుతుంది, వేడికి మళ్లీ మూసుకుపోతుంది.

అసలు దేంతో మూసుకుపోయిందో కూడా చూడాలి

ఎందుకంటే శుభ్రం చేసే పద్ధతి దాన్నిబట్టే ఉంటుంది. గట్టి చెక్క పొడి పొట్టు అయితే అది సందుల్లో ఊరికే చిక్కుకుని ఉంటుంది, రెండు దెబ్బలు కొడితే రాలిపోతుంది. పైన్ లాంటి బంక ఉన్న చెక్క, టేకు లాంటి నూనె ఉన్న చెక్క అయితే రాపిడి వేడికి ఆ బంకా నూనే మెత్తబడి పొట్టుని ముద్దలా కలిపేస్తాయి, చల్లారాక అది గట్టిపడుతుంది. పెయింటు, వార్నిష్, సరిగ్గా ఆరని లప్పం, గట్టిపడని జిగురు ఇవి ఇంకా మొండివి, వేడికి సాగి గింజల మీద పొరలా పరుచుకుంటాయి. అల్యూమినియం లాంటి మెత్తటి లోహం అయితే గింజల కొసలకి మెటల్ పూతలాగా పట్టేస్తుంది, అది వదిలించడం అన్నిటికంటే కష్టం.

దులపడం, బ్రష్

అందరి దగ్గరా ఉండేవి, ఖర్చు లేనివి, అందుకే ఇక్కడే మొదలుపెట్టాలి. చేత్తో రుద్దే పేపర్ అయితే పని మధ్యలో ప్రతి కాసేపటికీ బల్ల అంచుకేసి కొట్టే అలవాటు చేసుకోండి, పొట్టు ముద్ద కాకముందే రాలిపోతుంది. వెనకవైపు బల్ల అంచు మీద ఒకసారి అటూ ఇటూ లాగితే పేపర్ వంగి సందులు తెరుచుకుంటాయి, పట్టిన పెచ్చులు కూడా కొన్ని చిట్లి ఊడతాయి, కాకపోతే మడత పడేలా లాగొద్దు, మడత పడ్డ చోట గింజలు ఊడిపోతాయి.

బ్రష్ అయితే నైలాన్‌దో ఇత్తడిదో తీసుకోండి, ఇనుప తీగల బ్రష్ వద్దు. ఇనుప తీగ గట్టిగా ఉండి గింజల్నే పీకేస్తుంది, అంతకన్నా పెద్ద సమస్య ఏంటంటే తీగ నుంచి రాలిన ఇనుప నలుసులు పేపర్‌లో ఉండిపోయి ఓక్ లాంటి టానిన్ (చెక్కలో సహజంగా ఉండే వగరు పదార్థం) ఎక్కువున్న చెక్క మీదకి చేరితే, తర్వాత తడి తగిలినప్పుడు నల్లటి మచ్చలు వస్తాయి, అవి పాలిష్ వేశాక బయటపడితే మొత్తం మళ్లీ గీకాల్సిందే. ఇదే కారణానికి ఇనుము మీద వాడిన బెల్ట్‌ని శుభ్రం చేసి చెక్కకి వాడదాం అనే ఆలోచన కూడా పెట్టుకోవద్దు, విడివిడిగా ఉంచుకోండి.

బ్రష్ ముతక పేపర్లకే. పేపర్ వెనక ఉండే పి నంబర్ పెరిగేకొద్దీ గింజ సన్నబడుతుంది, పి 80లో గింజ సగటు సైజు 200 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అదే పి 400కి వచ్చేసరికి 35 మైక్రాన్లే, ఆ సందుల్లోకి బ్రష్ తీగ దూరనే దూరదు, పైపైన రాసుకుంటూ పోతుందంతే. పి 150 దాకా ఇత్తడి బ్రష్ బాగుంటుంది, ఆపైన పాత టూత్‌బ్రష్ లాంటి మెత్తటిది తప్ప వేరేది వాడను.

కంప్రెసర్ గాలి

కంప్రెసర్ ఉన్నవాళ్లు మొదట దీని దగ్గరికే వెళ్తారు, పొడి పొట్టుకి నిజంగానే బాగుంటుంది, రంధ్రాలున్న డిస్కులకీ జాలీ లాంటి నెట్ డిస్కులకీ వెనకనుంచి కొడితే రెండు క్షణాల్లో తేలికైపోతాయి. కానీ బంక పట్టినదాని మీద గాలికి ఏ ప్రభావమూ ఉండదు, ఎంత ప్రెషర్ పెట్టినా అంతే. నాకు దీంతో అసలు ఇబ్బంది వేరే ఉంది, పేపర్‌లో ఉన్న సన్నటి దుమ్ము మొత్తం మన ముఖం ఎత్తులో గాల్లోకి లేస్తుంది, అప్పటిదాకా వాక్యూమ్ పెట్టి జాగ్రత్తగా పట్టిందంతా ఒక్క దెబ్బకి వర్క్‌షాప్ అంతా పరుచుకుంటుంది. వాక్యూమ్ పైపుకి బ్రష్ తగిలించి పీల్చేస్తే దాదాపు అదే ఫలితం వస్తుంది కాబట్టి నేను అదే చేస్తాను. గాలే కొట్టాలంటే కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. పాతకాలపు పెయింటు గీకిన పేపర్ అయితే అసలు గాలి కొట్టొద్దు, బ్రష్ కూడా కొట్టొద్దు, అందులో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ పేపర్‌ని మూటకట్టి పారేయండి, అక్కడ పొదుపు చూడకూడదు.

క్రేప్ రబ్బరు ముక్క, నా మొదటి ఓటు దీనికే

మెషీన్ మీద తిరిగే బెల్టులకీ డిస్కులకీ దీన్ని మించింది నేను చూడలేదు. బెల్ట్ క్లీనర్ అనో శాండింగ్ క్లీనింగ్ స్టిక్ అనో అమ్ముతారు, చూడటానికి లేత గోధుమరంగు మెత్తటి ఇటుకలా ఉంటుంది, లోపల ఉన్నది సహజ క్రేప్ రబ్బరే. కొన్ని బూట్ల కింద క్రేప్ సోల్ అని వస్తుంది చూడండి, అదే సరుకు, పాత బూటు సోల్ ఊడదీసి వాడినా అలాగే పనిచేస్తుంది. తిరిగే బెల్ట్ మీద దీన్ని ఆనించగానే రబ్బరు గింజల సందుల్లోకి దూరి పొట్టుని అంటించుకుని చిన్నచిన్న ఉండలుగా రాలిపోతుంది, బెల్ట్ రంగు మన కళ్లముందే మారిపోతుంది, మొదటిసారి చూసినప్పుడు నాకు చాలా ఆశ్చర్యం వేసింది.

ఎలా చెయ్యాలంటే మెషీన్ ఫుల్ స్పీడ్ అందుకున్నాక స్టిక్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని మెల్లగా ఆనించి ఒక అంచు నుంచి ఇంకో అంచుకి జరుపుతూ రెండు మూడు సెకన్లు, తీసేసి చూడటం, అవసరమైతే ఇంకోసారి. ఒకేచోట నొక్కి పట్టుకోవద్దు, రబ్బరు వేడెక్కి అదే పేపర్‌కి పూతలా పట్టేస్తుంది. చేత్తో పట్టుకునే శాండర్ అయితే దాన్ని బల్లకి తలకిందులుగా కదలకుండా బిగించాకే చెయ్యండి, ఒక చేత్తో మెషీన్ ఇంకో చేత్తో రబ్బరు పట్టుకునే పద్ధతి వద్దు. డస్ట్ కలెక్టర్ ఆన్ చేసే ఉంచండి, రాలే ఉండలు అందులోకే పోతాయి.

మామూలు నల్ల రబ్బరు, ట్యూబు ముక్క, టైరు ముక్క వాడితే సరిపోదా అని అడుగుతారు, సరిపోదు. గంధకంతో ఉడికించి గట్టిపరిచిన రబ్బరు పొట్టుని అంటించుకోదు, వేడికి చెడి నల్లటి జిడ్డు వదులుతుంది, ఆ జిడ్డు చెక్క మీదకి వస్తుంది. క్రేప్ దొరకనప్పుడు అక్రిలిక్ షీట్ ముక్క అంచుని తిరిగే బెల్ట్‌కి ఆనించే చిట్కా ఒకటుంది, పెయింటు పొరని బానే లేపుతుంది, కానీ ప్లాస్టిక్ కరిగిన వాసన వస్తుంది, ఎక్కువసేపు పెడితే అదే సందుల్లో నిండిపోతుంది, కాబట్టి అత్యవసరానికి తప్ప నేను చెప్పను.

క్రేప్‌కి పరిమితులు కూడా ఉన్నాయి. తడి బెల్ట్ మీద పనిచెయ్యదు. పి 320, 400 లాంటి సన్నవాటి మీద పెద్దగా తేడా రాదు. ఆగి ఉన్న పేపర్ మీద చేత్తో రుద్దితే ఫలితం చాలా తక్కువ, రాపిడి స్పీడే దాని బలం, అందుకని మెషీన్ లేకుండా చేత్తోనే పనిచేసేవాళ్లు దీని మీద డబ్బు పెట్టక్కర్లేదు, బ్రష్ చాలు. ఇంకొకటి, బెల్ట్ మీద ఒకేచోట నల్లగా మాడిన చార పడిందనుకోండి, అది బంక కాలి గట్టిపడ్డది, క్రేప్‌తో పోదు, దానికి నానబెట్టడమే దారి.

నీళ్లు, నానబెట్టడం

ఇక్కడ ఎక్కువమంది పొరపాటు పడతారు. నీళ్లల్లో వెయ్యొచ్చా లేదా అన్నది గింజల్ని బట్టి కాదు, వెనక ఉన్న సరుకుని బట్టి. మామూలు కాగితం వెనకున్న పేపర్ తడిస్తే ఉబ్బి చుట్టుకుపోతుంది, గింజలు రాలిపోతాయి, దానికి నీళ్లు చూపించకండి. నీళ్ల పేపర్ అని పిలిచే నల్లటి వాటర్‌ప్రూఫ్ పేపర్ దీనికోసమే పుట్టింది, 3ఎం కంపెనీ 1921లోనే ఇలాంటిది మార్కెట్లోకి తెచ్చింది, సిలికాన్ కార్బైడ్ గింజలు, నీళ్లకి ఊడని జిగురు. దీన్ని వాడేటప్పుడే నీళ్లల్లో ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్ కలిపి ముంచుతూ వాడితే మూసుకుపోవడమే తక్కువ, అయినా పడితే నీటిధార కింద టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. శాండింగ్ స్పాంజిలు కూడా అంతే, పిండి కడిగి ఆరేస్తే చాలు, అవి కడగడానికే ఉన్నట్టుంటాయి. ప్లాస్టిక్ ఫిల్మ్ వెనకున్న డిస్కులు కూడా నీళ్లకి తట్టుకుంటాయి.

గుడ్డ వెనకున్న బెల్టులకి నానబెట్టడం మంచి ఫలితం ఇస్తుంది, కాకపోతే ఓపిక కావాలి. గోరువెచ్చటి నీళ్లల్లో మామూలు జిడ్డు తీసే క్లీనర్ కలిపి కొన్ని గంటలు వదిలేసి, నైలాన్ బ్రష్‌తో బెల్ట్ తిరిగే దిశలోనే రుద్ది, మంచినీళ్లతో జాడించి, లావుపాటి పైపు మీద వేలాడదీసి పూర్తిగా ఆరనివ్వాలి. మేకుకి వేలాడదీస్తే అక్కడ మడత పడి ఆ మడత దగ్గరే తర్వాత తెగుతుంది. లోపలివైపు బాణం గుర్తు ఉంటే తడిసినప్పుడు చెరిగిపోకముందే ఇంకో గుర్తు పెట్టుకోండి, అతుకు ఒకవైపుకే ఉన్న బెల్ట్‌ని తిప్పి తొడిగితే అతుకు లేచిపోతుంది. పూర్తిగా ఆరకుండా మెషీన్‌కి ఎక్కించొద్దు, సాగి జారిపోతుంది. తొడిగే ముందు అతుకు ఒకసారి వేళ్లతో లాగి చూడండి, వదులైతే ఆ బెల్ట్ పని అయిపోయినట్టే, తిరిగేటప్పుడు తెగితే చేతికి తగుల్తుంది.

ఇంకో చిన్న విషయం కానీ దీనివల్ల నా బల్ల పైచెక్క ఒకటి పాడైంది కాబట్టి చెప్తున్నా: వేర్వేరు నంబర్ల పేపర్లని ఒకే టబ్‌లో కడగొద్దు. 80 నంబర్ నుంచి ఊడిన ఒక్క గింజ 240 పేపర్‌లో ఇరుక్కుంటే చాలు, నున్నగా వచ్చిన చెక్క మీద లోతైన గీతలు పడతాయి, ఎక్కడ్నుంచి వస్తున్నాయో అర్థంకాక గంటలు పోతాయి. సన్నవి ముందు, ముతకవి తర్వాత, మధ్యలో నీళ్లు మార్చాలి.

థిన్నర్, టర్పెంటైన్, ఘాటు కెమికల్స్

బంకని టర్పెంటైన్ కరిగిస్తుంది, పెయింటుని థిన్నర్ మెత్తబరుస్తుంది, ఆ మాట నిజమే. కానీ అది గింజల్ని పట్టుకున్న జిగురుని ఏం చేస్తుందో, వెనకున్న వెల్క్రో జిగురుని ఏం చేస్తుందో మీకు తెలీదు, ఆవిరి పీలుస్తారు, పైగా సరిగ్గా ఆరకుండా మోటార్ ఉన్న మెషీన్‌కి తగిలిస్తే నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. ఒక పేపర్ కోసం అంత రిస్క్ అవసరం లేదని నా అభిప్రాయం. ఓవెన్ క్లీనర్ లాంటి కాస్టిక్ ఉన్నవి కూడా కొందరు వాడతారు, బంక పోతుంది, గుడ్డ బలహీనపడుతుంది, చర్మం కాలుతుంది, నేనైతే వాడను.

మరి మీకు ఏది

బెల్ట్ శాండర్, డిస్క్ శాండర్, డ్రమ్ శాండర్ ఉన్నవాళ్లు రెండో ఆలోచన లేకుండా క్రేప్ స్టిక్ తెచ్చుకోండి, ప్రతి పదినిమిషాలకోసారి ఆనిస్తూ ఉంటే పెచ్చు కట్టే అవకాశమే రాదు, మూసుకుపోయాక వదిలించడం కన్నా ఇది చాలా తేలిక. ఆర్బిటల్ శాండర్ వాళ్లకి ముందు వాక్యూమ్ కనెక్షన్, తర్వాతే క్రేప్, డిస్క్ రంధ్రాలు ప్యాడ్ రంధ్రాలతో కలిసేలా తగిలించారో లేదో కూడా చూస్కోండి, అవి కలవకపోతే ఎంత వాక్యూమ్ పెట్టినా దుమ్ము కిందే తిరుగుతుంది. చేతిపని ఎక్కువ చేసేవాళ్లకి నైలాన్ బ్రష్, బల్ల అంచు. పెయింటు వార్నిష్ కోట్ల మధ్య రుద్దేవాళ్లు నీళ్ల పేపర్ లేదా స్పాంజికి మారిపోండి, అయితే నీళ్లు కోటు వెయ్యని చెక్క మీద కాదు, పూర్తిగా ఆరిన కోటు మీదే. పి 240 దాటిన కాగితం పేపర్లని మాత్రం దులిపినంతవరకు దులిపి తర్వాత వదిలేయండి, వాటిమీద పెట్టే టైమ్‌కి ఫలితం రాదు.

అల్యూమినియం రుద్దేవాళ్లు శుభ్రం చెయ్యడం కన్నా ముందే పేపర్‌కి కొంచెం మైనమో సబ్బో రాసుకోవడం మేలు, మెటల్ అంటుకోదు. తర్వాత పెయింటు వెయ్యాల్సి ఉంటే ఆ మైనం పూర్తిగా తుడిచెయ్యాలి. అలాగే ఇనుము రుద్ది నిప్పురవ్వలు రేగే మెషీన్‌లోనే అల్యూమినియం రుద్దొద్దు, దుమ్ము సంచిలో సన్నటి అల్యూమినియం పొడి ఉండగా రవ్వ పడితే పేలే ప్రమాదం ఉంది.

కొనేటప్పుడే చూసుకుంటే

మళ్లీ మళ్లీ మూసుకుపోతోందంటే శుభ్రం చేసే పద్ధతి కాదు, పేపరే మార్చాలేమో చూడండి. మెత్తటి చెక్కకీ పెయింటుకీ ఓపెన్ కోట్ పేపర్ తీసుకోండి, అందులో గింజలు ఉపరితలంలో 50 నుంచి 70 శాతం మేరే పరుస్తారు, మిగతా ఖాళీ పొట్టు బయటికి పోవడానికి. క్లోజ్డ్ కోట్ అంటే మొత్తం నిండా గింజలే, గట్టి చెక్కకి, లోహానికి అది. పైన తెల్లటి పొడిపూతలా కనిపించేవి స్టియరేట్ పేపర్లు, జింక్ లేదా కాల్షియం స్టియరేట్ అనే సబ్బులాంటి పదార్థం పూస్తారు, పెయింటు పొడి ముద్ద కట్టకుండా అది అడ్డుపడుతుంది, లప్పం వార్నిష్ పనికి చాలా తేడా తెలుస్తుంది. వాటిని నీళ్లతోనో క్రేప్‌తోనో గట్టిగా రుద్దితే ఆ పూతే పోతుంది, దులపడం వరకే ఉంచండి. నెట్ డిస్కులు కొనే ఖర్చు ఎక్కువైనా దుమ్ము ఆ జాలీలోంచే వాక్యూమ్‌లోకి పోతుంది కాబట్టి వాక్యూమ్ ఉన్నవాళ్లకి అవే మేలు, వాక్యూమ్ లేకుండా వాడితే వాటికి పెట్టిన డబ్బు దండగ.

పేపర్‌తో చెయ్యకూడని పనులు పేపర్‌తో చెయ్యకపోవడం కూడా ఇందులో భాగమే. లావుగా ఉన్న పాత పెయింటుని ముందు స్క్రేపర్‌తో గీకండి, బయటికి ఉబికిన జిగురుని సగం ఆరినప్పుడే ఉలితో తీసేయండి, చెక్క ఎత్తుపల్లాలు చిత్రికతో పట్టండి. వార్నిష్ పూర్తిగా ఆరిందో లేదో చూడటానికి ఒక మూల రుద్ది చూడండి, తెల్లటి పొడి రాలితే మొదలుపెట్టొచ్చు, చిన్నచిన్న ఉండలు కడితే ఇంకో రోజు ఆగాలి. మెషీన్‌ని దాని బరువుకి వదిలేయండి, మీరు నొక్కితే వచ్చేది వేడే.

అరిగిపోయినవి ఎక్కడ వాడుకోవాలి

పాత 80 అరిగితే 120తో సమానం అవుతుంది అని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. కొన్ని గింజలు అరుగుతాయి, కొన్ని అలాగే నిలబడి ఉంటాయి, ఆ మిగిలినవి 80 నంబర్ గీతలే పెడతాయి, పైగా మొద్దు గింజలు చెక్కని కొయ్యకుండా నొక్కి మెరిపిస్తాయి, ఆ మెరిసినచోట చెక్క స్టెయిన్‌ని (చెక్కకి పట్టించే రంగుని) సరిగ్గా పీల్చుకోదు, మచ్చలుగా కనిపిస్తుంది. కాబట్టి కనిపించే ఉపరితలాలకి వద్దు. అంచుల పదును విరవడానికి, చేతిపిడులకి, పనిముట్ల మీద తుప్పు తియ్యడానికి, జిగురు చుక్కలు గీకడానికి బాగా పనికొస్తాయి, వెడల్పు బెల్టులని పట్టీలుగా చింపి కుర్చీ కాళ్ల మీద గుడ్డలా అటూ ఇటూ లాగితే చాలా బాగుంటాయి. తుప్పుకి వాడినవి మాత్రం విడిగా ఒక డబ్బాలో పెట్టండి, మళ్లీ చెక్క దగ్గరికి రాకుండా.

ఒక బెల్ట్‌ని ఎన్నిసార్లు శుభ్రం చెయ్యొచ్చు అంటే లెక్క చెప్పలేం, పెన్సిల్ పరీక్షలో నిలబడినన్నిసార్లు. క్రేప్ ముక్క కూడా వాడగా వాడగా పైపొర పొట్టు పట్టి నల్లబడి గట్టిపడుతుంది, అప్పుడు ఒక పలచటి ముక్క కత్తితో కోసేస్తే కింద మళ్లీ మెత్తటి రబ్బరు వస్తుంది, ఎండ తగలకుండా, నూనె డబ్బాల పక్కన కాకుండా పెట్టుకుంటే చాలాకాలం వస్తుంది.